పువ్వొక తొట్టిలో, చేపొక తొట్టిలో

ఆ చేపల ప్రదర్శనశాలలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషిని, టికెట్టు కొని లోపలికి వచ్చినవాళ్ళు ఒక్కరూ సరిగ్గా చూసి ఉండరు. ఆమె మాత్రం వాళ్ళందర్నీ చూసింది. అద్దాల తొట్ల వెనక ఒక సన్నటి దారి ఉంటుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకుపోవాల్సినంత సన్నం. అక్కడ నిలబడితే నీళ్ళకి అవతల జనం మొహాలు కనిపిస్తాయి. అద్దానికి నొక్కుకుని చదునైపోయిన ముక్కులు, ఏదో అంటూ తెరుచుకునే నోళ్ళు. ఏమంటున్నారో వినబడదు. వాళ్ళు డబ్బు పెట్టి చూడటానికి వచ్చింది చేపల్ని. చేపల వెనక మసగ్గా కదిలే ఆకారం కంటపడినా, ఏదో నీడ అనుకుని ఊరుకునేవాళ్ళు.

ఆమెకు పేరు లేక కాదు. కుళాయి నీళ్ళలో బస్తాల కొద్దీ ఉప్పు కలిపి సముద్రం తయారుచేసే ఉద్యోగం ఆమెది. సాయంత్రానికి మోచేతుల దాకా తెల్లటి చారలు కట్టేవి. చీర అంచు ఎండి అట్టలా బిగుసుకునేది. ఎవరో ఒకరు ఉప్పక్క అన్నారు, అంతే, అదే స్థిరపడిపోయింది. అసలు పేరు జీతం రోజున సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆమెకే గుర్తొచ్చేది కాదు. అసలు సముద్రాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరైనా ఆశ్చర్యపోతే, "నేను కలపని సముద్రం నాకెందుకండీ" అనేది.

యాభై ఒకటి నిండాయి. పెళ్ళి మాట వచ్చిన రోజుల్లో తల్లి మంచం పట్టింది. తల్లి లేచి తిరిగేనాటికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. తల్లీ కూతుళ్ళు ఒకరికొకరు తోడుగా మూడో అంతస్తులో రెండు గదుల్లో కాలం గడిపారు. ఆరేళ్ళ క్రితం తల్లి పోయింది. అప్పట్నుంచీ రెండు గదుల్లో ఒకదాని దీపమే వెలుగుతోంది.

ఒక చెల్లెలుంది. అదే ఊళ్ళో ఆ చివర ఉంటుంది. భర్త, ముగ్గురు పిల్లలు, అత్తగారు. రోజూ సాయంత్రం వంట చేస్తూ ఫోన్ చేసేది. వెనకాల గిన్నెల చప్పుడు, పిల్లల పోట్లాటలు, టీవీ, అన్నీ కలగలిసి వినబడేవి.

"మేడ మీద గది ఊరికే పడుంది. వచ్చెయ్యి అక్కా" అనేది.

"చేపలకి మేత ఎవరు వేస్తారే?"

"ఆదివారం కూడా తింటాయా అవి?"

"ఆదివారం పస్తుండమని వాటికి నువ్వొచ్చి చెప్పు."

చెల్లెలు నవ్వేది, ఆమె నవ్వేది. అసలు సంగతి చేపల మేత కాదు. చెల్లెలింట్లో భోజనాల బల్ల చుట్టూ ఆరు కుర్చీలుంటాయి, ఆరుగురికీ సరిపోతాయి. ఈమె వెళ్ళినప్పుడల్లా వంటింట్లోంచి ఒక స్టూలు తెచ్చి మూలన ఇరికించేవాళ్ళు. ఆ స్టూలు మీద కూర్చున్నంతసేపూ మోకాళ్ళు బల్లకి తగులుతూ, ఎవరి అన్నంలోనో మోచెయ్యి పెడుతున్నట్టు ఉండేది. ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. అయినా మూడేళ్ళ క్రితం వెళ్ళడం మానేసింది. కారణం చెప్పుకోవడానికి కూడా చిన్నతనంగా ఉండే బాధల్లో అదొకటి.

ఇక చేపల దగ్గరికొద్దాం. ఆ ప్రదర్శనశాలలో అన్నిటికన్నా పెద్ద తొట్టి హాలు మధ్యలో ఉంటుంది. అందులో పదకొండు చేపలు, రాళ్ళు, ఇసుక, ఒక పువ్వు. పేరుకి సముద్రపు పువ్వే గానీ అది జంతువు. వేళ్ళలాంటి గోధుమరంగు రేకుల్ని నీళ్ళలో ఆడిస్తూ రాయిని పట్టుకుని కూర్చుంటుంది. ఆ వేళ్ళు తగిలితే వేరే చేపలకి ఒళ్ళు మండిపోతుంది, చిన్నవైతే చచ్చిపోతాయి కూడా. నారింజరంగు మీద తెల్ల పట్టీలుండే ఒక జాతికి మాత్రం ఏమీ కాదు. రోజూ రాసుకుని రాసుకుని వాటి ఒంటి జిగురుకి ఆ పువ్వు అలవాటైపోతుంది. పగలంతా దాని ముందే తిరిగి, నిద్రకి దాని ఒళ్ళోకే చేరతాయి.

ఆ జాతి జంట ఒకటి అక్కడ పంతొమ్మిదేళ్ళుగా కాపురం ఉంది. ఆడచేపని ఉప్పక్క పెద్దావిడ అనేది. మగచేప ఆవిడలో సగం ఉండి, ఎప్పుడూ ఆవిడ వెనకే తిరిగేది గనక చిన్నాయన అయ్యాడు. ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుబాటు. ఆ ఇద్దర్నీ గోరంత ఉన్నప్పుడు తెచ్చి వదిలింది ఉప్పక్కే. రోజూ పొద్దున పైనుంచి వేళ్ళు నీళ్ళలో పెడితే పెద్దావిడ పైకొచ్చి రొయ్య ముక్క అందుకునేది. ముక్క తీసుకున్నాక ఊరికే పోకుండా వేలిని ఒకసారి కొరికేది. "పెట్టిన చేతినే కరుస్తావుటే." ఉప్పక్క పొద్దున్నే మాట్లాడే మొదటి మాట చాలాసార్లు అదే. కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా ఆఖరి మాట కూడా అదే.

కొత్త చేపలు వస్తే నేరుగా పెద్ద తొట్టిలోకి వదలరు. పెళ్ళివారిని దింపినట్టు ముందు వెనక గదిలో దింపుతారు. అందుకే ఆ గదిని అందరూ విడిది అంటారు. అక్కడ ఆరు నీలం రంగు ప్లాస్టిక్ తొట్లు. ఇసుక ఉండదు, రాళ్ళుండవు. దాక్కోవడానికి పైపు ముక్కలు, గాలి బుడగలు, అంతే. ప్రతి తొట్టికీ ఒక పలక వేలాడుతుంది. చేప వచ్చిన తేదీ, ఎన్ని రోజులుందో ఆ పలక మీద రాస్తారు. నలభై రెండు రోజులు దాటితేగాని ఏ చేపా బయటికి పోకూడదు. ఈ నియమం పెట్టింది ఏ అధికారో కాదు, ఉప్పక్కే. ఎనిమిదేళ్ళ క్రితం ఒకసారి తొట్టికి తొట్టే తెల్లమచ్చ జబ్బు వచ్చి తుడిచిపెట్టుకుపోయింది. పెద్దావిడా చిన్నాయనా తప్ప ఏదీ మిగల్లేదు. అప్పుడు పెట్టింది ఆ లెక్క. ఆమె పెట్టిన నియమం గనక ఆమె పాటిస్తోందా అని చూసేవాళ్ళెవరూ లేరు.

ఆ ఏడు ఎండాకాలానికి ముందు ఒక నీలం చేప వచ్చింది. ఒక్కటే వచ్చింది. తొట్టిలో వదిలిన దగ్గర్నుంచి గోడ వెంబడి గుండ్రంగా తిరగడమే పని. మేత వేస్తే ముట్టేది కాదు. ఉప్పక్క పక్కనే పీట వేసుకుని కూర్చుంటే రెండు ముక్కలు తినేది, లేచి వెళ్తే మళ్ళీ తిరుగుడు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. రోజులు గడుస్తున్నకొద్దీ పొట్ట లోపలికి పోతోంది.

ముప్పై ఒకటో రోజు సాయంత్రం ఆమె ఆ పీట మీదే కూర్చుని ఉండగా చెల్లెలి ఫోను వచ్చింది. మాట్లాడుతుంటే మధ్యలో అవతల ఎవరో ఏదో అన్నారు, ఇంట్లో అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. "ఏమైందే?" అంది ఈమె. "ఏం లేదులే అక్కా, ఇక్కడుంటే గానీ అర్థం కాదు, మళ్ళీ చేస్తా" అని చెల్లెలు పెట్టేసింది. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఉప్పక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని తొట్టిలోకి చూసింది. నీలం చేప అలాగే గోడ వెంబడి తిరుగుతోంది.

"ఎన్నాళ్ళని ఒక్కదాన్నే ఇలా ఉంచుతాం" అనుకుంది. ఆ జాలి చేప మీద కాదని నేను చెప్పగలను. ఆమెకి ఆ క్షణంలో తెలియలేదు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని పట్టి, సన్నటి దారమ్మట నడిచి వెళ్ళి, పెద్ద తొట్టిలోకి వదిలేసింది. నీలం చేప రెండు చుట్లు తిరిగి, మిగతా చేపల మధ్యకి వెళ్ళి, వాటితోపాటు మేత తింది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. వెనక్కొచ్చి పలక మీద 42 అని రాసి, కింద గీత గీసింది.

తెల్లమచ్చ పురుగు సంగతి ఆమెకి తెలియంది కాదు. అది కంటికి కనబడదు. మొప్పల్లో దాక్కుంటే వారాల తరబడి పైకి తేలదు. చేప ఒంట్లో తిన్నంత తిని, ఉప్పు పలుకంత మచ్చగా ఉబ్బి, ఊడిపోయి ఇసుకలో పడి గట్టిపడుతుంది. కొన్నాళ్ళకి పగిలి ఒక్కోదాన్నుంచి వందలు బయటికొస్తాయి. వాటికి చేప దొరికితే పండగ, దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో చావు. ఇసుకలో గట్టిపడి ఉన్నదాన్ని మాత్రం ఏ మందూ ఏమీ చెయ్యలేదు.

వదిలిన ఎనిమిదో రోజు నీలం చేప రాయికి ఒళ్ళు రాసుకోవడం చూసింది. తొమ్మిదో రోజుకి దాని రెక్కల మీద ఎవరో ఉప్పు చల్లినట్టు మచ్చలు. పదకొండో రోజుకి పెద్దావిడ తోక మీద మూడు. ఆ మూడూ చూసి ఉప్పక్క ఆ సన్నటి దారిలోనే నేల మీద కూర్చుండిపోయింది. అవతల నుంచి ఎవరో పిల్లవాణ్ణి ఎత్తుకుని తొట్టిలోకి చూపిస్తున్నారు.

నెలకి రెండుసార్లు వచ్చే డాక్టరు అసలు పశువుల డాక్టరు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తొట్టిలోకి తొంగిచూసి, "ఆవైతే నాలుక చూపించమంటాను, వీటినేం చూపించమనను?" అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదని గమనించి, "రాగి మందు వెయ్యండి, మీకు తెలియంది ఏముంది" అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమెకి తెలుసు. తెలిసింది చాలా ఆలస్యంగా వాడుతున్నందుకే ఒళ్ళు మండింది. చేపలన్నిటినీ విడిదిలోకి మార్చాలి, రాగి కలిపిన నీళ్ళలో ముప్పై రోజులు ఉంచాలి. రాగి తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప బతకదు. అందుకని పొద్దునా సాయంత్రం గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, ఆ నీలం ఛాయని అట్ట మీది రంగులతో పోల్చి చూడాలి. పెద్ద తొట్టిని డెబ్బై ఆరు రోజులు ఒక్క చేప కూడా లేకుండా ఖాళీగా ఉంచాలి. ఇసుకలో ఉన్న పురుగు ఆఖరిదాకా పగిలి, తినడానికేమీ దొరక్క చావాలంటే అన్ని రోజులు పడుతుంది. పువ్వు ఆ తొట్టిలోనే ఉండాలి. రాగి పువ్వుకి విషం.

అలా పువ్వొక తొట్టిలో, చేపొక తొట్టిలో అయ్యాయి.

మార్చిన వారంలోనే నీలం చేప పోయింది. తర్వాత రెండు పసుపువి పోయాయి. పన్నెండో రోజు పొద్దున చిన్నాయన తొట్టి అడుగున పక్కకి వాలి ఉన్నాడు. పెద్దావిడ అతని చుట్టూ తిరుగుతూ, మధ్యమధ్య ముక్కుతో తోస్తూ ఉంది. ఉప్పక్క వలతో తీస్తే వల వెంబడి పైదాకా వచ్చింది. ఇక మిగిలినవి ఎనిమిది.

మేనేజరు ఈ జబ్బంతా చేపలు పంపిన వ్యాపారి వల్లే అని తేల్చేశాడు. విడిది గుమ్మంలో నిలబడే ఫోనులో ఆ వ్యాపారిని కడిగేశాడు. "మా వాళ్ళు నలభై రెండు రోజులు ఉంచినా ఇలా అయిందంటే నువ్వు పంపింది చేపా, జబ్బుల మూటా?" అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉప్పక్క చెయ్యి పలక మీదికి పోయింది. ఆ 42ని తడి గుడ్డతో తుడిచేసింది. తుడిచినంత మాత్రాన మేనేజరు అప్పటికే చూసింది చెరిగిపోలేదు. చెప్పేస్తే పోయేది, చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమెకి అన్నం సయించలేదు.

పని మాత్రం ఒక్కపూట తప్పలేదు. పొద్దున రాగానే ముందు పెద్ద తొట్టి దగ్గరికి. పువ్వుకి పట్టకారుతో ఒక రొయ్య ముక్క, రాళ్ళ మీద నాచు తీయడం, అద్దం తుడవడం. ఆ తర్వాతే విడిది. విడిదిలో చెయ్యి పెట్టాక ఇక ఆ రోజుకి పెద్ద తొట్టి వైపు పోకూడదు. విడిది వలలకి ఎర్ర టేపు, అవతలి వలలకి పచ్చ టేపు. చేపల దగ్గర్నుంచి ఒక్క చుక్క తడి అటు పోయినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అంటే ఆ రెంటినీ రోజూ చూసే మనిషి ఆమె ఒక్కతే. అటు సంగతి ఇటు చేరవెయ్యలేని మనిషి కూడా ఆమే.

పెద్దావిడకి నిద్రపోవడానికి చోటు దొరకలేదు. పైపు వంపులో దూరేది, బయటికొచ్చేది, గాలి బుడగల గొట్టానికి ఒళ్ళు ఆనించేది. ఉప్పక్క వేళ్ళు నీళ్ళలో పెడితే మేత కోసం కాకుండా ఊరికే వచ్చి వేళ్ళ మధ్య దూరి కాసేపు ఆగేది. కొరకడం మానేసింది. ఉప్పక్కకి అదే భయంగా ఉండేది. "ఒక్కసారి కరవ్వే" అనేది. నడుం పట్టేదాకా వంగి నిలబడేది.

చెల్లెలు ఫోను చేస్తే, "చేపలకి జబ్బే, తర్వాత మాట్లాడతా" అనేది. వారం తిరిగేసరికి చెల్లెలి ఫోన్లు తగ్గాయి. ఈమె వాటిని కూడా తనకి తానే వేసుకున్న శిక్షలో కలిపేసుకుంది.

ముప్పై రోజుల రాగి పూర్తయింది. మచ్చలన్నీ రాలిపోయాయి. నలభయ్యో రోజున పెద్దావిడ ఆమె వేలు కొరికింది. ఆ రోజు ఆమె ఇంటికెళ్ళి కడుపు నిండా తింది.

నలభై అయిదో రోజున మేనేజరు విడిదికొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆమెకన్నా పదేళ్ళు చిన్న, మర్యాద తెలిసినవాడు. బడులకి సెలవులిచ్చారు, హాలు నిండా జనం, మధ్యలో పెద్ద తొట్టి ఖాళీ.

"అక్కా, చేపలన్నీ బాగానే ఉన్నాయిగా. మందు కూడా అయిపోయింది. రేపు వదిలేద్దాం."

"ఇంకా ముప్పై ఒక్క రోజులుంది సార్." ఆ అంకె నోట్లోంచి వచ్చాక ఆమె పెదవి కొరుక్కుంది.

"అన్ని రోజులెక్కడాగుతాం? నిన్న ఒకాయన, చేపల్లేని నీళ్ళు మా ఇంట్లోనూ ఉన్నాయి, బకెట్లో, అని నా మొహం మీదే అన్నాడు. డాక్టరుగారిని అడిగాను, ఆరు వారాలు చాలన్నారు."

"చాలా వరకు చాలు అన్నారు సార్. నేనూ అడిగాను. చాలా వరకు అని అన్నారు. ఒక్క పురుగు మిగిలినా ఇవి ఇంకోసారి తట్టుకోలేవు. పెద్దావిడ అసలు తట్టుకోదు."

మేనేజరు ఒక తొట్టి అంచు మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగానే అన్నాడు. "మీ మాట కాదనాలని కాదక్కా. ఆ నీలం చేపని మీరు నలభై రెండు రోజులు పూర్తిగా ఉంచారు. పలక మీద నేనే చూశాను. అయినా జబ్బు రానే వచ్చింది. అంటే ఈ రోజుల లెక్కలకీ జబ్బుకీ పెద్ద సంబంధం లేదన్నట్టేగా. ఇప్పుడు డెబ్బై ఆరంటే నేనెలా నమ్మను?"

ఆమె తొట్టిలోకి చూసింది. పెద్దావిడ పైపు వంపులోంచి తల బయటపెట్టి ఉంది. తాను పలక మీద రాసిన అబద్ధం ఇన్నాళ్ళూ తననే తింటోందనుకుంది. ఇప్పుడది పెద్దావిడ మీదికి వస్తోంది.

"అది నలభై రెండు కాదు సార్. ముప్పై ఒకటి."

"ఏది?"

"నీలం చేప. ముప్పై ఒకటో రోజే వదిలేశాను. పలక మీద నలభై రెండని రాశాను. లెక్క తప్పలేదు సార్. నేను తప్పాను. లెక్క ప్రకారం ఉంచి ఉంటే మచ్చలు ఇక్కడే బయటపడేవి."

గాలి పంపు గురగురమంటోంది. మేనేజరు తొట్టి అంచు మీంచి చెయ్యి తీసేసి, "ఎందుకు?" అన్నాడు.

"ఒక్కతే ఉందని."

"ఒక్కతే ఉండటం ఏమిటక్కా, అది చేప."

"అవును సార్. చేపే."

"నేను ఆ వ్యాపారిని నోటికొచ్చినట్టు తిట్టాను."

"ఇక్కడే ఉన్నాను సార్. విన్నాను."

ఆయన వెళ్ళిపోయాడు. మర్నాడు పిలిచి కూర్చోమన్నాడు. కుర్చీలో కూర్చోమన్నప్పుడే ఆమెకి అర్థమైంది. "చేపల లెక్క మీరు చెప్పినట్టే అక్కా. డెబ్బై ఆరు రోజులూ ఆగుదాం. మీ లెక్క మాత్రం నేను చెప్పినట్టు జరగాలి. పలక మీద ఏది రాసినా చూసేవాళ్ళు లేని చోట మిమ్మల్ని ఇక ఉంచలేను. వదిలే రోజు నుంచి వెనక తాళాలు పంపుల మేస్త్రీకి. మీరు టికెట్ల కిటికీకి రండి." వ్యాపారికి ఆయనే ఫోను చేసి క్షమాపణ చెప్పాడు.

మిగిలిన రోజుల్లో ఆమె పంపుల మేస్త్రీకి అన్నీ నేర్పింది. ఎర్ర టేపు, పచ్చ టేపు, చేతులు కడుక్కునే వరస, పువ్వుకి ముక్క ఎంత. అతను ముప్పయ్యేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మోటార్లు తప్ప దేన్నీ ముట్టుకోనివాడు. "అక్కా, ఇది కరుస్తోంది" అన్నాడు ఒకరోజు పెద్దావిడ తొట్టిలో చెయ్యి పెట్టి. "కరిస్తే బాగున్నట్టు తమ్ముడూ. కరవకపోతే నాకు చెప్పు" అంది.

డెబ్బై ఆరో రోజు పొద్దున, కిటికీ తెరవడానికి ముందు, ఆమె పెద్ద తొట్టికి ఎదురుగా హాల్లో నిలబడింది. అటు నుంచి చూసి ఎన్నేళ్ళైందో. అద్దం పక్కన 'తట్టవద్దు' అని బోర్డు. ఆమె పోరుపెట్టి పెట్టించిందే. నీళ్ళు ఆమె కలిపినవే, అటునుంచి చూస్తే ఇంత నీలంగా ఉంటాయని మర్చిపోయింది. పైన మేస్త్రీ చేతులు దిగాయి. చేతులు మాత్రమే స్పష్టంగా ఉన్నాయి, మనిషి మసక. ఇన్నేళ్ళూ తాను కూడా ఇంతేనన్నమాట అనుకుంది.

ఏడు చేపలూ రాళ్ళ మధ్యకి దూసుకుపోయాయి. పెద్దావిడ మాత్రం వదిలిన చోటే కాసేపు నిలబడి, తిన్నగా పువ్వు దగ్గరికి వెళ్ళింది. ఒక వేలు తగిలిందో లేదో ఉలిక్కిపడి వెనక్కి దూకింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ దూకింది. పంతొమ్మిదేళ్ళు పడుకున్న ఒడి దాన్ని చురుక్కుమనిపించింది. డెబ్బై ఆరు రోజుల్లో దాని ఒంటి జిగురులోంచి పువ్వు అలవాటు పోయింది. అది మూలకి వెళ్ళి, గాజుకి ఒళ్ళు ఆనించింది.

ఉప్పక్క ఆ మూలకి వెళ్ళి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. తట్టలేదు, ఊరికే పెట్టింది. పెద్దావిడ చూసినట్టే లేదు. దానికి తెలిసిందల్లా పైనుంచి వంగే ఒక నీడ, నీళ్ళలోకి దిగే వేళ్ళు. ఇటువైపు నిలబడ్డ మొహం దానికి రోజూ వచ్చే వేల మొహాల్లో ఒకటి. అంతలో పైనుంచి మేస్త్రీ వేళ్ళతో రొయ్య ముక్క పెట్టాడు. పెద్దావిడ పైకెళ్ళి అందుకుంది. ఆకలేసింది, వెళ్ళింది. తప్పేముంది. తప్పు లేదని తెలిసినా ఆమె అద్దం మీంచి చెయ్యి తీసేసింది. వెళ్ళి కిటికీ తెరిచింది.

కిటికీ దగ్గర అందరూ ఆమె మొహం చూసేవాళ్ళు. అది ఆమెకి అలవాటు లేక, తలెత్తకుండానే టికెట్లు చింపేది. మూడో రోజు ఆదివారం. వరసలోంచి ఒక గొంతు, "ఒకటి పెద్దలది" అంది. తలెత్తితే చెల్లెలు. గంజి పెట్టిన చీర, చేతిలో సంచి, ఒక్కతే.

"నువ్వేమిటే ఇక్కడ?"

"నువ్వు ఫోను ఎత్తకపోతే ఇక్కడి నంబరుకి చేశాను. ఎవరో మేస్త్రీట, అక్క ఇప్పుడు టికెట్ల దగ్గరుందండీ అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా రమ్మనలేదు. టికెట్టు కొనుక్కునే వచ్చాలే."

మధ్యాహ్నం కిటికీ మూసే వేళకి ఇద్దరూ పెద్ద తొట్టి ముందు నిలబడ్డారు. ఉప్పక్క జరిగిందంతా చెప్పింది. ముప్పై ఒకటో రోజు ఫోను సంగతి, ఆ నవ్వుల సంగతి మాత్రం చెప్పలేదు. చెల్లెలు అడ్డురాకుండా వింది. లోపల పెద్దావిడ పువ్వు ముందు ఉంది. తోక కొసని రెండు వేళ్ళకి తాకించింది, వెనక్కి తీసుకుంది. కొంచెం ఆగి మళ్ళీ తాకించింది.

"దాని ఇల్లు అదేగా. లోపలికి పోదేం?" అంది చెల్లెలు.

"అలవాటు తప్పింది. ఇప్పుడు తగిలితే మండుతుంది. కొంచెం కొంచెంగా రాసుకుంటూ ఉంటే మళ్ళీ ఒంటికి పడుతుంది."

"ఎన్నాళ్ళు?"

"ఒకటి రెండ్రోజుల్లో పోయేవీ ఉంటాయి. ఇది ముసలిది. దానికి తోడు భయం."

పెద్దావిడ ఈసారి తోక మాత్రమే కాదు, పక్క కూడా ఆనించింది. ఒళ్ళు జలదరించింది గానీ వెంటనే దూకలేదు. ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.

"వచ్చే ఆదివారం భోజనానికి రా అక్కా. ఇప్పుడిక చేపల మేత వంక కూడా లేదు నీకు" అంది చెల్లెలు, తొట్టి మీంచి చూపు తిప్పకుండా.

ఉప్పక్క చీర అంచు వైపు చూసుకుంది. ఉప్పు చారలు పోయి మామూలు చీర అంచులా ఉంది. మూడేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాటని చివరికి అడిగేసింది.

"ఆ స్టూలు ఇంకా ఉందా?"

చెల్లెలు ఆమె వైపు తిరిగి, నిజంగానే గుర్తురాక, "ఏ స్టూలు?" అంది.